కరివేపాకు దొంగ పాట

మా మేనత్త న్యూజిలాండ్ వచ్చిన రెండో ఆదివారమే ఆక్లాండ్ శివార్లలోని పాపకూర అనే ఊరి సంతలో జనాన్ని పోగేసింది. సంత అంటే పెద్దదేం కాదు, ఒక కారు పార్కులో పొద్దున్నపూట బల్లలు వేసి కూరగాయలూ పాత బట్టలూ అమ్ముతారు. నేను మెంతికూర కట్టలు ఏరుకుంటున్నాను. తలెత్తి చూస్తే పక్కన ఉండాల్సిన మనిషి లేదు. మన చేమదుంపల్లాంటి టారో దుంపలమ్మే సమోవా దీవుల ఆవిడ బల్ల పక్కన నిలబడి, ఒక చెవి చేత్తో మూసుకుని, రెండో చెయ్యి గాల్లోకి ఎత్తి, అత్తయ్య పాడుతోంది.

నేను పుట్టకముందెప్పుడో గోదావరిలో పడవ మునిగిన కథ అది. చుట్టూ చేరినవాళ్ళలో ఒక్కరికీ తెలుగు రాదు, అయినా ఎవరూ కదలడం లేదు. పడవ మునిగే చోట అత్తయ్య "అయ్యయ్యో" అని దీర్ఘం తీసింది. దుంపల ఆవిడ కూడా గుండెల మీద చెయ్యి వేసుకుని అంత దీర్ఘమూ తీసింది. నేను వెళ్ళి మనిషిని పక్కకి లాక్కొచ్చేసరికి నా చెవులు ఎర్రగా కాలిపోతున్నాయి.

"వాళ్ళకేం అర్థమైందని పాడావు అత్తయ్యా?"

"అయ్యయ్యోకి అర్థం చెప్పాలా ఏంటే? గొంతుందో పోయిందో చూసుకున్నా. ఉంది. ఇక్కడి పాటొకటి దొరికితే చాలు," అంది.

మా అత్తయ్యా, పోయిన మా మావయ్యా పాటలు అమ్ముకుని బతికారు. మా నాన్న మాత్రం ఎవరైనా అడిగితే "మా బావగారిది పుస్తకాల వ్యాపారమండీ" అని గంభీరంగా చెప్పేవాడు. పుస్తకం అంటే నాలుగు పేజీల మడత. తడి చెయ్యి తగిలితే రంగు అంటుకునే పల్చటి గులాబీ కాగితం. ఎక్కడ హత్య జరిగినా, వరదొచ్చినా, ఎవరి పెళ్ళికూతురు పీటల మీంచి లేచిపోయినా వారం తిరక్కుండా మావయ్య పాట కట్టేవాడు, అత్తయ్య బస్టాండుల్లోనూ జాతర్లలోనూ పాడి అమ్మేది. కొత్త పాటకి కొత్త బాణీ కట్టేవాళ్ళు కాదు. జనం నోళ్ళలో ముందే నానుతున్న బాణీలోనే కొత్త కథ కూర్చేవాళ్ళు, కొన్నవాడు ఇంటికెళ్ళి పాడుకోవాలి కదా. ఇక అట్ట మీద బొమ్మ సంగతి చెప్పనక్కర్లేదు. ప్రెస్సులో ఏ బొమ్మ అచ్చుదిమ్మ ఖాళీగా ఉంటే అదే. అన్నదమ్ముల హత్య పాట మీద వేణువూదే కృష్ణుడు ఉండేవాడు. పతివ్రత పాట మీద తలనూనె ప్రకటనలోని పిల్ల నవ్వుతూ ఉండేది. ఎవరూ తగువు పెట్టుకునేవారు కారట.

అత్తయ్య ఆరు నెలల వీసా మీద, పాపకూర పక్కనే ఉన్న టకానినిలోని మా ఇంటికి వచ్చింది. ఎందుకొచ్చావు అంటే "మావాళ్ళు వెళ్ళొద్దన్నారు, అందుకని" అనేది. ఆవిడ స్వభావం గురించి ఇంతకంటే చెప్పక్కర్లేదు.

పాట అడిగినంతలో దొరికింది. మా తెలుగు సంఘం అధ్యక్షుడైన అంకుల్ ఇంట్లో కరివేపాకు మొక్క పోయింది.

ఇది చిన్న విషయం అనుకునేవాళ్ళు ఆ రోజుల్లో ఆక్లాండ్‌లో కాపురం చేసి ఉండరు. బయటి నుంచి మొక్క తేనివ్వరు. తెచ్చిన విత్తనం విమానాశ్రయంలోనే చెత్తబుట్ట పాలు. ఎవరింట్లోనో బతికిన మొక్క నుంచి పిలక సంపాదించాలంటే ముందు వాళ్ళ పిల్లల పుట్టినరోజులన్నిటికీ వెళ్ళాలి. సంపాదించినా చలికాలం ఒక్క మంచు దెబ్బకి మోడైపోతుంది. కూరలో కరివేపాకులా తీసిపారెయ్యడం అనే మాట మా దగ్గర చెల్లదు, మేం దాన్ని నమిలి మింగేవాళ్ళం. అంకుల్‌గారి భార్య, మా అందరికీ ఆంటీ, ఆ మొక్కని ఉత్తరం గోడవార పెట్టింది, ఈ దేశంలో ఎండ అటే కాస్తుంది మరి. చలికాలం దానికి తన పెళ్ళినాటి శాలువా కప్పేది. పుల్లటి మజ్జిగ పోసేది. మోకాలెత్తు పెరిగిన ఆ మొక్క ఒక శనివారం ఆవిడ గుడి నుంచి వచ్చేసరికి వేళ్ళతో సహా లేదు. గుంట కూడా పూడ్చేసి ఉంది. "దొంగతనం!" అని అంకుల్ అందరికీ ఫోన్లు చేశాడు. ఆంటీ అన్నం మానేసింది.

అత్తయ్య ముఖం వెలిగిపోయింది. వంటింటి బల్ల దగ్గర కూర్చుని ఆవిడ చెప్పింది, నేను రాశాను. నా రాత గుండ్రంగా ఉంటుందని సంఘం ఆహ్వానాలన్నీ నాతోనే రాయించేవారు, ఈ రాత చూస్తే సంఘం మాటే అనుకుంటారని అప్పుడు నాకు తోచలేదు.

వినండమ్మ అక్కలార వింత కథ ఒకటుంది
విదేశాన మొలకెత్తిన కరివేప కథ ఉంది
కన్నబిడ్డలాగ పెంచె కలవారి ఇల్లాలు
గుడికి వెళ్ళి వచ్చేసరికి గోడవార లేదు, చాలు

"ఆ చాలు ఎందుకు అత్తయ్యా?"

"పాదం నిండొద్దూ? రాయి."

మొక్క పెరిగిన వైభోగం ఐదు చరణాలు, ఆంటీ శోకం నాలుగు చరణాలు అయ్యాక పాట ఆగింది. దొంగ ఎవరో తెలియదు కదా, ఇక్కడితో ఆపేద్దామన్నాను. అత్తయ్య నన్ను జాలిగా చూసింది. దొంగ దొరకని దొంగపాటని ఎవడు కొంటాడంది. వాళ్ళ వృత్తిలో దొంగైనా హంతకుడైనా చివర్లో పట్టుబడి, ఏడ్చి, నలుగురికీ దణ్ణం పెట్టి తీరాలి. పోలీసులకి దొరక్కపోయినా పాటకి దొరకాలి. కళ్ళు మూసుకుని ఒక్క క్షణం ఊగి, ముగింపు అందుకుంది.

మూలమలుపు కొట్టులోన పాలమ్మే చిన్నదాన్ని
చారులోకి నాలుగాకులు చాలనుకొని వచ్చినదాన్ని
పాపభీతి పట్టుకుంది పండుకుంటె నిదర రాదు
పదిమందీ మన్నించండి, ఇంక నేను దొంగ కాదు

నేను పకపకా నవ్వుతూ రాసేశాను. బొమ్మ కోసం వెతికితే సూపర్ మార్కెట్ కరపత్రంలో ఒక గొర్రె కనబడింది. మాంసం తగ్గింపు ధర తాలూకు గొర్రె. కత్తిరించి పైన అంటించాం. లైబ్రరీలో గులాబీ కాగితం మీద జెరాక్స్ తీయించి, నాలుగు పేజీలుగా మడిచి, ఆదివారం సంతకి బయల్దేరాం. మావారు మాత్రం "నేను కార్లో ఉంటా, నన్ను మీతో కలపకండి" అని పేపర్ ముఖానికి అడ్డం పెట్టుకున్నారు.

డాలరుకో పాట. అత్తయ్య పాడుతుంటే బెండకాయల కోసం వచ్చిన తెలుగువాళ్ళంతా సంచులు కింద పెట్టేశారు. "అయ్యయ్యో" దగ్గర దుంపల ఆవిడ శృతి కలిపింది, ఆవిడకి ఇప్పుడది అలవాటైపోయింది. ఒక కివీ ముసలాయన, అంటే ఇక్కడి తెల్లాయన, గొర్రెని చూసి ఇది వంటకమా అని అడిగి, నేను అవుననీ కాదనీ చెప్పేలోపే కొనుక్కుపోయాడు. ఆయన ఆ సాయంత్రం ఏం వండుకున్నాడో నాకిప్పటికీ బెంగే. మొత్తానికి కట్టలో సగం, గంట తిరక్కుండానే అమ్ముడైపోయింది. సోమవారం నా రైలు పెట్టెలో ఇద్దరు సాఫ్ట్‌వేర్ ఇంజనీర్లు "పాపభీతి పట్టుకుంది" అని కూనిరాగం తీస్తుంటే, నాకు పదోన్నతి వచ్చినంత గర్వం కలిగింది.

ఆ గర్వం బుధవారం దాకా ఉంది.

బుధవారం సాయంత్రం తలుపు తీస్తే మా వీధి మలుపులో డెయిరీ నడిపే వరంగల్ వైపు ఆవిడ నిలబడి ఉంది. డెయిరీ అంటే పాలూ బ్రెడ్డూ ఇండియాకి ఫోన్ కార్డులూ అమ్మే చిన్న కొట్టు. చుట్టుపక్కల తెలుగువాళ్ళందరం ఆఫీసుల నుంచి వస్తూ అక్కడే ఆగేవాళ్ళం. పగలు ఇంట్లో తోచక అత్తయ్య కూడా అక్కడికే నడిచెళ్ళేది. ప్రతి పండక్కీ సంఘం హాలుకి ఆవిడ సకినాలు తెచ్చేది. ఆవిడ చేతిలో మా గులాబీ కాగితం ఉంది. లోపలికి రమ్మంటే రాలేదు. నా వెనక నిలబడ్డ అత్తయ్యనే చూసింది.

"పెద్దమ్మా, ఇది నేనేనా?"

అత్తయ్య ఆ కాగితం కేసి చూసి, కొంగు భుజం మీదికి లాక్కుంది.

"మూలమలుపు మీద కొట్టు నాదొక్కటే ఉన్నది. పాలమ్మేది నేనొక్కదాన్నే. మూడు దినాల సంది మనోళ్ళు ఒక్కరు రాలే. రోడ్డు అవతలి నుంచి నడుస్తున్నరు. పండుగకు సకినాలు తేవద్దని నిన్న ఫోన్ జేసి చెప్పిన్రు. నీకు కుర్చీ ఏసి కూసోబెట్టిన కదా పెద్దమ్మా. నేనేం జేసిన?"

"నువ్వేం చెయ్యలేదు తల్లీ. నాకు ఈ ఊళ్ళో తెలిసిన ముఖం నీదొక్కటే. ముఖం లేకపోతే నాకు పాట రాదు."

"నాకు వేరే ముఖం లేదు," అని ఆవిడ కాగితం గుమ్మం మీద పెట్టి వెళ్ళిపోయింది.

అత్తయ్య ఆ పూట కాఫీ తాగలేదు. సోఫాలో ముడుచుకుని కూర్చుని తనలో తను చెప్పుకున్నట్టు చెప్పింది. వాళ్ళు పాడిన ఊళ్ళో రెండో రోజు ఉండేవారు కారట. పొద్దున్న పాడి, సాయంత్రం బస్సెక్కేవారు. పాటలోని మనిషి పోలిక ఆ ఊళ్ళో ఎవరితో కలిసిందో, ఆ వెనక ఏ ఇంట్లో ఏ కుండ పగిలిందో వాళ్ళకి తెలిసేది కాదు. జీవితంలో మొదటిసారి పాట పాడిన ఊళ్ళోనే ఉండిపోయాననీ, బస్సెక్కడం మరిచిపోయాననీ అంది. నేను గుమ్మం మీది కాగితం తీసి చూశాను. రాసింది నా చెయ్యి కదా.

"ఇది అబద్ధమని అందరికీ చెప్పేద్దాం," అన్నాను.

"చెప్తే నమ్మరే పిచ్చిదానా. పాటని పాటే తినాలి. కానీ దొంగ ఎవరో తెలియాలిగా."

దొంగ మర్నాడు తనే వచ్చాడు. అంకుల్ చొక్కా నలిగి ఉంది, కళ్ళ కింద ఉబ్బిపోయి ఉంది. సంఘం తరఫున పాటలన్నీ భద్రపరచాలని కమిటీ నిర్ణయించిందనీ, మిగిలిన కాగితాలన్నీ తనకిచ్చెయ్యాలనీ అన్నాడు. నేను తీసుకురాబోతుంటే అత్తయ్య చెయ్యి అడ్డం పెట్టింది.

"కూర్చోండి బాబూ. మా ఆయన ఒక మాటనేవాడు. పాట ఒకటి కొన్నవాడికి పాట నచ్చినట్టు, కట్టంతా కొన్నవాడి మీదే పాట అన్నట్టు."

అంకుల్ కుర్చీలో కూలబడ్డాడు. ఆయన గడ్డి కోస్తూ మిషను వెనక్కి లాగాడట. వెనక మొక్క ఉందన్న సంగతి చప్పుడు మారాకే తెలిసిందట. భార్య గుడి నుంచి వచ్చే వేళయింది. మొదలు పీకేసి, గుంట పూడ్చి, ఆకులు ఏరి చెత్తసంచి అడుగున దాచి, నోటికొచ్చిన మొదటి మాట అరిచాడు. "ఆ పాపభీతి చరణం విన్నప్పటి నుంచీ నిజంగానే నిద్ర పట్టడం లేదండీ. అది నాకోసమే రాశారేమో అనుకున్నా," అన్నాడు. ఇంత బాధలోనూ అత్తయ్య ముఖంలో ఒక్క క్షణం వృత్తిగర్వం మెరిసింది, నేను చూశాను.

"ఆ పిల్ల కొట్టుకి జనం రావడం లేదు, తెలుసా?"

"తెలుసండీ. మా ఇంట్లో నిజం చెప్తే నా పరిస్థితి మీకు తెలియదు."

"తెలుసుకుందాం. శనివారం మీ దీపావళి కదా? పాట నేను కడతా. పాడేది మీరు."

అంకుల్ బతిమాలాడు. రాత్రికి రాత్రి కొత్త మొక్క తెప్పిస్తానన్నాడు. ఆంటీకి ఉత్తరం రాస్తానన్నాడు. చివరికి గొంతు బాగోదన్నాడు. "గొంతు బాగున్నవాడు తప్పు ఒప్పుకుంటే ఎవరూ నమ్మరు, మీరే సరి," అని అత్తయ్య ఆయన చేతిలో కాఫీ పెట్టింది.

శనివారం మధ్యాహ్నం టకానిని హాలు పట్టుచీరలతో నిండిపోయింది. అత్తయ్య పొద్దున్నే డెయిరీకి వెళ్ళి, ఎన్ని మాటలు పడిందో ఏమో, ఆవిడని వెంటబెట్టుకొచ్చింది. ఆవిడ కొట్లో వేసుకునే స్వెటర్‌తోనే తలుపు దగ్గర నిలబడింది. జ్యోతి వెలిగించాక అధ్యక్షుడి ప్రసంగం అన్నారు. అంకుల్ మైకు ముందుకొచ్చి, గులాబీ కాగితం మడత విప్పి, పాట అందుకున్నాడు.

గడ్డికోత మిషనుతోటి ఘనుడొకడు బయల్దేరె
అడ్డమున్న కరివేపని అడ్డంగా కోసేసె
ఆలికి జడిసిన వీరుడు ఆకులన్ని ఏరిపెట్టి
చెత్తసంచి అడుగున దాచి "దొంగ దొంగ" అని అరిచె

మొదట ఎవరికీ ఎక్కలేదు. రెండో చరణంలో "ఆ ఘనుడు నేనేనయ్య" అనగానే హాలు విరగబడి నవ్వింది. అత్తయ్య నడవలో తిరుగుతూ కాగితాలు పంచుతోంది, జనం వంత పాడుతున్నారు. ముందు వరసలో ఆంటీ నవ్వనూలేదు, ఏడవనూలేదు. పాటయ్యాక లేచి నిలబడి "ఆ లాన్ మూవర్ రేపే అమ్మేస్తున్నా, ఇక నుంచి కత్తెరతో కొయ్యండి," అంది. నవ్వులు మళ్ళీ మొదలయ్యాయి. అంకుల్ చెమట తుడుచుకుని, తలుపు వైపు తిరిగి "క్షమించమ్మా" అని రెండు చేతులూ జోడించాడు. అందరి తలలూ అటు తిరిగాయి. పెద్ద మనసు చేసుకుని ఆవిడ కూడా ఓ నవ్వు నవ్వేస్తే భోజనాలకి లేవొచ్చని మేమంతా ఎదురుచూస్తున్నాం.

"దొంగ దొరికిండు, మంచిగైంది," అంది ఆవిడ. గొంతు పెంచలేదు. "గని నాదొక్క మాట. పెద్దమ్మకు నేను అంతగ తెల్వను. మొన్న మొన్న వచ్చింది, పాట రాసింది. అంకుల్ భయపడి అబద్ధం చెప్పిండు. వాళ్ళిద్దరి మీద నాకు కోపం లేదు. మీరు రోజు నా దుకాన్ల పాలు కొన్కపోతరు. మీ పిల్లలకు లాలీపాప్‌లు నేనిస్త. మీరెట్ల నమ్మిన్రు?"

ఇక్కడే పుట్టిన ఒక పిల్ల "వాట్ డిడ్ షీ సే, మమ్మీ?" అని అడిగింది. ఆ తల్లి వంగి పిల్ల జడ సర్దసాగింది. నేను నా చేతిలోని గులాబీ కాగితం వైపు చూస్తూ నిలబడ్డాను. డెయిరీ ఆవిడ కొట్టు తెరవాలని చెప్పి వెళ్ళిపోయింది.

ఆ వారం టకానిని తెలుగువాళ్ళు తాగినన్ని పాలు ఎన్నడూ తాగి ఉండరు. ఆఫీసు నుంచి వచ్చే ప్రతివాడూ డెయిరీలో దూరడమే. తాగలేక మా ఇంట్లో అత్తయ్య కోవా వండింది. పక్కింటివాళ్ళకి ఇద్దామని వెళితే వాళ్ళు మాకు ఇవ్వడానికి కోవా గిన్నెతోనే ఎదురొచ్చారు. ఆవిడ మాత్రం ఎవరితోనూ ఒక్క మాట ఎక్కువ మాట్లాడలేదు. పాలు సంచిలో పెట్టి ఇచ్చేది, అంతే. "బాగున్నారా?" అని మేం అడిగితే "ఆఁ" అనేది.

అత్తయ్య వెళ్ళిపోయే ముందు వారం మేమిద్దరం పాలకి వెళ్ళాం. కొట్లో ఎవరూ లేరు. ఆవిడ లోపల్నుంచి కుర్చీ తెచ్చి, బల్ల పక్కన వేసి, అత్తయ్యని కూర్చోమంది.

"పెద్దమ్మా, పోయేముందు ఇంకో పాట రాస్తవా? నా మీదనే రాయి. ఈసారి నన్నడిగి రాయి."

అత్తయ్య కొంగుతో ముఖం తుడుచుకుంది. నా సంచిలోంచి కలం లాక్కుని, నాకు ఇవ్వకుండా తనే పట్టుకుని, బల్ల మీదున్న బ్రెడ్డు కవరు వెనక్కి తిప్పింది.

"చెప్పు తల్లీ. నీ పేరు వద్దులే. ముందు మీ ఊరు చెప్పు. ఏ ఊరు మీది?"

వరంగల్ అని నేను చెప్పబోయాను. మేమంతా ఇన్నేళ్ళూ ఆవిణ్ణి అలాగే అనుకునేవాళ్ళం, ఒక్కరం కూడా అంతకు మించి అడిగింది లేదు. ఆవిడ వరంగల్ కాదంది. నేనెన్నడూ వినని ఒక చిన్న ఊరి పేరు చెప్పింది. అది ఏ వాగు పక్కన ఉంటుందో, వాళ్ళ ఇల్లు ఏ మలుపులో ఉంటుందో చెప్పడం మొదలుపెట్టింది. నాకు చాలా సిగ్గేసింది. పాల సీసా చేతిలో పట్టుకుని, ఆవిడ చెప్పేది మొత్తం వినేదాకా అక్కడే నిలబడ్డాను.